పెరగమనే కబురు

ముందు అందరం శుభవార్తే అనుకున్నాం.

పెళ్ళై మూడేళ్ళు నిండిన ఆ వేసవి మొదట్లో, బడిలో పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో, రెండు ఇడ్లీలు తింటే చాలు, నా పొట్ట నిండిపోయేది. మూడోది చూస్తే వికారం. ఇంటికొచ్చి చెప్పులు విడిచే ఓపిక కూడా లేక మంచం మీద వాలిపోయేదాన్ని. మా అత్తయ్య సత్యవతి కొన్నాళ్ళు గమనించి, ఏమీ అడక్కుండా, పచ్చి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూ కారం జల్లి నా ముందు పెట్టింది. పళ్ళెం ఖాళీ చేశాను. ఆవిడకి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. నిజానికి పచ్చి మామిడికాయ ఎప్పుడు పెట్టినా తినే మనిషిని నేను. ఆవిడ ముఖంలో సంతోషం చూసి ఆ మాట చెప్పలేకపోయాను. నాక్కూడా ఆశ పుట్టింది.

ఏలూరులో లేడీ డాక్టరు దగ్గరికి అత్తయ్య జరీ అంచు చీర కట్టుకుని నాతో బయల్దేరింది. "మా కోడలు నీళ్ళోసుకుంది" అని పాలు పోసే ఆవిడకి అప్పటికే చెప్పేసింది. డాక్టరు నా పొట్ట మీద చెయ్యి వేసి, ఎడమ డొక్క కింద ఆగి, ఇంకోసారి నొక్కి చూసింది.

"కడుపు కాదమ్మా," అంది. "ఇక్కడ ప్లీహం బాగా పెరిగినట్టుంది. ముందు రక్తం చూద్దాం."

లాబ్‌లో అమ్మాయి రక్తం తీసుకుంది. కాసేపటికి మళ్ళీ వచ్చి, మొదటి సీసా ఒలికిపోయిందండీ, ఇంకోసారి ఇస్తారా అంది. పాపం ఆ అమ్మాయికి అబద్ధం ఆడడం సరిగ్గా రాదు. నా కళ్ళలోకి చూడకుండా సూది గుచ్చింది. రెండోసారీ అదే అంకె వచ్చింది. తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. నేను గుండుగొలనులో ఓ ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచర్ని. ఆ కాగితం అర్థం చేసుకోవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం లేకపోయింది. చదువుకున్నందుకు ఆ రోజు మొదటిసారి విసుక్కున్నాను.

మా ఆయన రాంబాబు చేపల చెరువుల మనిషి. కొల్లేటి పక్కన మా చెరువులు. తెల్లారకముందే లేచి గట్టు మీద నిలబడి నీళ్ళను చూస్తాడు. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో గాలి తగ్గి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయేమోనని ఆయన భయం. నీళ్ళకేసి చూసినంతసేపు మనుషులకేసి చూడడని నేను సతాయిస్తూ ఉంటాను. నేనేమో తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు పక్కన పుట్టి పెరిగాను. ఆ వేలంపాటల గోలలో మన మాట మనకే వినపడాలన్నా గొంతు పెంచాలి. ఆ కాగితం ఆయనకి చూపించినప్పుడు మాత్రం, అత్తయ్యకి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పాను.

"అమ్మకేం చెబుదాం?" అన్నాడు.

"రక్తం తక్కువగా ఉందట అని చెప్పండి," అన్నాను.

కడుపు కాదన్న కబురుకే ఆవిడ రెండు పూటలు అన్నం సరిగ్గా ముట్టలేదు. దాని మీద ఇదెలా చెప్పడం? ఒంట్లో కణాలు లెక్కకు మించి పెరిగిపోతుంటే తక్కువైందని చెప్పుకున్నాం.

ఆ వేసవి: పవర్‌పేట

రక్తం జబ్బుల డాక్టరుగారు విజయవాడ నుంచి గురువారాలు ఏలూరు వచ్చేవారు. పవర్‌పేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్. వరుసగా ఇనప కుర్చీలు, గొంతు నొక్కేసిన టీవీ, చింతలపూడి నుంచి మొదటి బస్సుకి వచ్చి టిఫిను డబ్బా విప్పుకునేవాళ్ళు. మొదటి గురువారం నేను నిలబడే ఉన్నాను. ఒక పెద్దాయన పక్క కుర్చీ మీద పెట్టుకున్న గుడ్డ సంచి తీసేసి, "రండమ్మా, కూర్చోండి," అన్నాడు. ఆయన ఖాదర్‌గారు, ఏలూరులోనే దర్జీ. నా చేతిలో కాగితం మీద జబ్బు పేరు చూసి నవ్వాడు. "నాదీ అదేనండి. ఇందులో నేను మీకు సీనియర్ని." ఆ తర్వాత ప్రతి గురువారం నేను వచ్చేదాకా ఆ సంచి పక్క కుర్చీలోనే ఉండేది. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి వస్తోందండి" అనేవాడట.

డాక్టరుగారు నాకంటే చిన్నావిడ. నేను ఏం చేస్తుంటానో అడిగి తెలుసుకుంది.

"కణం గురించి పిల్లలకి ఏమని చెబుతారు టీచరుగారూ?"

"ఇల్లు ఇటుకలతో కట్టినట్టు ఒళ్ళు కణాలతో కట్టి ఉంటుందని చెబుతానండీ."

"ఇటుక పక్క ఇటుకతో మాట్లాడదు కదండీ. ఇవి మాట్లాడతాయి. చుట్టూ ఉన్నవి పంపే కబుర్లు వింటూనే ఉంటాయి. పెరగాలా, ఆగాలా, రూపు మార్చుకోవాలా, పనైపోయింది కాబట్టి చచ్చిపోవాలా, ఇవన్నీ ఆ కబుర్లను బట్టి తేల్చుకుంటాయి. మీ ఎముకల మూలుగలో ఒక కణంలో రెండు క్రోమోజోముల ముక్కలు తెగి, తారుమారై అతుక్కున్నాయి. అప్పట్నుంచి దానికి బయటివాళ్ళ కబురుతో పనిలేదు. పెరగమనే కబురు దాని లోపలే పుడుతోంది. ఎవరూ పంపకుండా, ఆగకుండా. దాని పిల్లలదీ అదే దారి."

ఇది రక్తంలో వచ్చే ఒక రకం క్యాన్సరు అని కూడా ఆవిడ ఆ మాటే వాడి చెప్పింది. మాత్ర చూపించింది. ఈ మాత్ర ఆ కబురు పుట్టే చోట అడ్డంగా కూర్చుంటుందని, మింగినన్నాళ్ళూ కూర్చుంటుందని, మానేస్తే లేచిపోతుందని చెప్పింది. రోజూ కడుపునిండా తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోమంది.

"నేను బతుకుతానా అండీ?"

"ఈ మాత్ర లేని రోజుల్లో అయితే మీకేం చెప్పాలో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు బతుకుతారనే చెబుతాను. మందు మాత్రం మరిచిపోకూడదు."

"మరి పిల్లలు?"

"మందు వాడుతున్నన్నాళ్ళు వద్దండీ. బిడ్డ తయారవడమంతా కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్ల మీదే జరుగుతుంది. ఈ మాత్ర అక్కడ కూడా అడ్డుపడితే బిడ్డకి ప్రమాదం."

"ఎన్నాళ్ళు వాడాలండీ?"

"అది ఇప్పుడే చెప్పలేనండీ."

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన హైవే పక్కన బండి ఆపి చెరుకురసం ఇప్పించాడు. నేను గ్లాసు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. "నువ్వుంటే చాలు," అన్నాడు. చెరుకు పిప్పి మీద ఈగలు ముసురుతున్నాయి. లారీల మోతలో ఆయన ఆ మాట రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పించుకున్నందుకు నాకేం బాధ లేదు.

దసరా నుంచి కార్తీకం దాకా

అత్తయ్యకి తెలియదు కాబట్టి మందు ఇంట్లో వేసుకోవడానికి లేదు. మాత్రలు బడికి తీసుకెళ్ళే సంచిలో ఉండేవి. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అన్నం తిన్నాక ఒకటి వేసుకునేదాన్ని. సెలవు రోజుల్లో అయితే అత్తయ్య కునుకు తీసేటప్పుడు. బాగానే సాగింది. పొట్టలో బరువు తగ్గింది. మొదటి పరీక్షల్లో జబ్బు కణాలు ఎన్ని మిగిలాయో చెప్పే అంకె చక్కగా దిగింది. డాక్టరుగారు మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను.

ఈలోగా అత్తయ్య నా కోసం మొక్కులు మొదలుపెట్టింది. కోడలికి రక్తం పట్టాలి, కడుపు పండాలి. దసరా తొమ్మిది రోజులూ ఒంటిపూట భోజనం. తర్వాత అట్లతద్ది. ఆ వెంటనే కార్తీకం. నెలంతా పగలు పాలూ పళ్ళూ, సాయంత్రం దీపం పెట్టి, చుక్కలు చూశాక భోజనం. నాతోపాటు ఆవిడా చేసేది. అంత ప్రేమగా పిలుస్తుంటే కాదనడం నా వల్ల కాలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా లేదు. డబ్బా లేదు కాబట్టి మాత్ర లేదు. ఒకసారి అరటిపండు మీద వేసుకుని చూశాను, బడి వెనక కుళాయి దగ్గర మొత్తం కక్కేశాను. రాత్రి భోజనం తర్వాత వేసుకుందామంటే ఆవిడ నా పక్కనే కూర్చుని వడ్డించి, పడుకునేదాకా వెంటే ఉండేది. నెల రోజులేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. పైగా ఒంట్లో బాగుంది. ఉపవాసం బాగా చేస్తున్నానని ఊళ్ళో అందరూ మెచ్చుకుంటున్నారు కూడా.

కార్తీకం చివర్లో పరీక్ష చేయిస్తే అంకె మళ్ళీ లేచింది.

"మందు వేసుకుంటున్నారా?" అంది డాక్టరుగారు.

"వేసుకుంటున్నానండీ. ఉపవాసం లేని రోజుల్లో."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీవారు కార్తీకమాసంలో చేపలకి మేత మానేస్తారా అండీ?"

"మానరండీ."

"ఎందుకని?"

"చేపలకి కార్తీకం తెలియదు కదండీ."

"మీ మూలుగలో కణాలకీ తెలియదు," అంది. మా ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకున్నాడు. తర్వాత డాక్టరుగారు గొంతు తగ్గించి, ఇలా మధ్యమధ్యలో ఆపితే కొన్ని కణాలు మందుకి లొంగకుండా తయారవుతాయని, అప్పుడు ఈ దారి మూసుకుపోతుందని చెప్పింది.

బయట ఖాదర్‌గారు విషయం విని తల పట్టుకున్నాడు. "అయ్యో, అడగాల్సిందమ్మా. మొదటి రంజాన్‌కే నేను అడిగానండి. సాయంత్రం ఉపవాసం విడిచి భోంచేశాక వేసుకోమన్నారు. అడిగితే ఏదో దారి చెబుతారు కదండీ."

"రాత్రి వేసుకుంటే మా అత్తయ్య చూస్తుందండీ."

ఆయన తల మీంచి చెయ్యి తీశాడు. "ఆవిడకి తెలియదా? పెద్దావిడ పాపం, తెలియకే కదమ్మా మీ చేత ఇన్ని ఉపవాసాలు చేయించింది," అన్నాడు. ఆ మాటకి నేను మా ఆయనకేసి చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

ఆఖరి కార్తీక సోమవారం నాడు, నడిమింట్లో వత్తులు చేసుకుంటున్న అత్తయ్య పక్కన కూర్చుని చెప్పాను. నాకు మాటలకి కొదవ ఉండదు గానీ ఆ రోజు పొడిపొడిగా చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. మాత్ర సంగతి చెప్పాను. పిల్లలు ఇప్పట్లో వద్దన్నారని కూడా చెప్పాను. ఆవిడ చేతిలో పత్తి చేతిలోనే ఉండిపోయింది.

"వేసవి నుంచి నువ్వు ఇది మోస్తున్నావా?" అంది.

"మీరు బాధపడతారని..."

"బాధపడితే పడతాను. బాధపడడం నాకు కొత్తా? తెలియక నీ నోటి దగ్గర కూడు తీసేశాను కదే, అమ్మాయ్!"

లేచి వంటింట్లోకి వెళ్ళింది. లోపల ఏడుస్తోందనుకున్నాను. గిన్నెల చప్పుడు వినపడింది. కాసేపటికి వేడి అన్నం, మాగాయ, నెయ్యి, కంచంలో పెట్టుకుని వచ్చింది. మిట్టమధ్యాహ్నం.

"తిను."

"అత్తయ్యా, ఇవాళ సోమవారం."

"శివుడితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు తిను. తిని ఆ మాత్రేదో నా కళ్ళ ముందు మింగు."

తిన్నాను. ఆవిడ ఉపవాసం మాత్రం విడవలేదు. నా వాటా కూడా తనే చేస్తానంది. ఆ తర్వాతి కార్తీకాలన్నీ అలాగే గడిచాయి. ఆవిడ పాలూ పళ్ళ మీద, నేను పప్పూ కూరల మీద. ఎదురుగా కూర్చుని ఆవిడ ఆకలితో నాకు కొసరి వడ్డిస్తుంటే మొదట్లో ముద్ద దిగేది కాదు. తర్వాత అలవాటైంది. ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు సిగ్గులేకుండా రెండోసారి పులుసు పోయించుకోవడం కూడా వచ్చేసింది.

మాత్రతో గడిచిన ఏళ్ళు

ఆ ఏళ్ళ గురించి పెద్దగా చెప్పేందుకేం లేదు. పొద్దున్నే కళ్ళు ఉబ్బి ఉండేవి, పిల్లలు "ఏడ్చారా టీచర్" అని అడిగేవాళ్ళు. పిక్కలు పట్టేసి నడవలేకపోతే అత్తయ్య నూనె వెచ్చచేసి రాసేది. లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోయి మాత్రలు అయిపోవస్తుంటే, చేపల వ్యాన్లను మాత్రం వదులుతున్నారని తెలిసి మా ఆయన ఆ వ్యానులో ఐసు పెట్టెల మధ్య కూర్చుని ఏలూరు వెళ్ళి తెచ్చాడు. ఆ మాత్రలు అయిపోయేదాకా వాటి అట్టలకి బొచ్చె చేప వాసన వదల్లేదు.

అంకె దిగుతూ దిగుతూ, మిషనుకి కూడా దొరకనంత కిందికి పోయింది. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. అప్పుడు పిల్లల సంగతి అడిగాను. అడగడానికి మూడు గురువారాలు తటపటాయించాను.

"మందు ఆపి చూడొచ్చండీ," అంది డాక్టరుగారు. "ఇంత కాలం ఇంత కిందికి ఉన్నవాళ్ళలో కొందరికి తిరిగి రాదు. కొందరికి వస్తుంది. మీరు ఎవరిలో ఉంటారో ఆపితే గానీ తెలియదు."

ఇంటికొచ్చి చెబితే మొదట అడ్డుపడింది అత్తయ్యే. మూడేళ్ళు నా పొట్టకేసి చూసిన మనిషి!

"నాకు మనవలు వద్దు."

"నాకు పిల్లలు కావాలి అత్తయ్యా."

"నీకేమన్నా అయితే ఆ పిల్లని చూసుకుని నేను ఏడవాలా? మందు మానేది లేదు. ఇన్నాళ్ళూ నీకు ఎదురుగా కూర్చుని మింగించింది ఇందుకు కాదు."

వారం పాటు ఇంట్లో ఆవిడా నేనూ ముభావంగా తిరిగాం. కూరలో ఉప్పెక్కువైందని ఒకరం, వాకిట్లో బట్టలు తడిశాయని ఒకరం. ప్రేమ ఉన్న చోట కోపం ఎంత ఇరుకుగా ఉంటుందో ఆ వారంలో తెలిసింది. తర్వాతి గురువారం ఆవిడ కూడా మాతో వచ్చి డాక్టరుగారి ఎదుట కూర్చుంది. మా ఆయనే మాట్లాడాడు.

"తిరిగొస్తే ఎంత ముందుగా తెలుస్తుందండీ?"

"నెలనెలా పరీక్ష చేస్తే జబ్బు పైకి కనపడకముందే తెలుస్తుందండీ."

"అప్పుడు మళ్ళీ అదే మందు పనిచేస్తుందా?"

"చాలామందికి చేస్తుంది. కడుపుతో ఉండగా వస్తే మాత్రం ఆ మందు ఇవ్వలేం. కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలి, వేరే దారులు చూడాలి."

ఆయన, "అయితే నెలనెలా నేను తీసుకొస్తానండీ," అన్నాడు. అత్తయ్య లేచి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది, బండి దాకా వదల్లేదు.

ఇది చదివేవాళ్ళలో ఇదే మాత్ర మింగుతున్నవాళ్ళు ఉంటే, దయచేసి నన్ను చూసి మీరు మానకండి. ఎవరి ఒళ్ళు వారిది, మీ డాక్టరు ఏం చెబితే అది. నా మాటగా ఒక్కటి చెబుతాను. మందు సంగతి ఇంట్లో దాచకండి.

మందు ఆపాక

ఆపిన కొద్ది వారాలకే ఒళ్ళంతా నొప్పులు. భుజాలు, మోకాళ్ళు, వేళ్ళ కణుపులు. జబ్బు తిరగబెట్టిందని నేను నిర్ణయించేసుకున్నాను. డాక్టరుగారు మాత్రం, మందు ఆపినప్పుడు కొందరికి ఇలా ఉంటుందని, అంకె కదల్లేదని చెప్పింది. నెల తర్వాత నెల, కదల్లేదు. రిపోర్టు వచ్చే రోజు మా ఆయన చెరువు గట్టు మీంచి రెండుసార్లు ఫోను చేసి "ఏం చేస్తున్నావు" అని అడిగేవాడు. మామూలు రోజుల్లో ఆయన ఫోను చేస్తే ఇంట్లో ఎవరో పోయారేమో అనుకోవాలి.

అలా కొంత కాలం గడిచాక నిజంగానే నీళ్ళోసుకున్నాను. ఈసారి అత్తయ్య ఎవరికీ చెప్పలేదు.

స్కానింగులో చుక్క కొట్టుకుంటూ కనపడింది. గుండె అట. ఇంటికొచ్చాక అత్తయ్యకి నేను పాఠం చెప్పాల్సి వచ్చింది.

"మొదట ఒక్కటే కణం అంటున్నావు. అన్నీ దాంట్లోంచి వచ్చినవే అయితే, నువ్వు గుండెవి, నువ్వు గోరువి అని ఎవరు చెబుతారే?"

"పక్కనున్నవి చెబుతాయి అత్తయ్యా. ఇక్కడ ఎవరెవరున్నారో, ఏం కబురొచ్చిందో చూసుకుని ఒక్కొక్కటి ఒక్కోలా తయారవుతుంది."

"పక్కవాటికి ఎవరు చెప్పారు?"

"వాటి పక్కవి."

"మా తోడికోడళ్ళ వ్యవహారంలా ఉంది," అని నవ్వింది.

చేతి వేళ్ళ సంగతి కూడా చెప్పాను. మొదట చెయ్యి ముద్దగా ఉంటుందని, వేళ్ళ మధ్య ఉండే కణాలు ఇక చాలన్న కబురు విని చచ్చిపోతేనే వేళ్ళు విడివడతాయని చెప్పాను. ఆవిడ తన చెయ్యి చాపి, వేళ్ళ సందుల్లోకి చాలాసేపు చూసుకుంది. "పాపం," అంది. ఆ కబురు వినడం మానేసిన కణాలే నా జబ్బు. అది మాత్రం ఆవిడకి చెప్పలేదు.

ఏడో నెలలో అంకె మళ్ళీ కనపడింది.

చాలా చిన్న అంకె. డాక్టరుగారు రెండోసారి చేయించింది. ఉంది. నా ఒంట్లో రెండు చోట్ల పెరగమనే కబురు నడుస్తోంది. ఒకచోట ఎక్కడ పెరగాలో, ఎప్పుడు ఆగాలో అన్నీ వింటూ నా బిడ్డ పెరుగుతోంది. ఇంకోచోట ఎవరి మాటా వినకుండా అది పెరుగుతోంది. రెండింటికీ అన్నం నేనే పెడుతున్నాను. నాకు భయం వేసింది. చస్తానని కాదు, బిడ్డని చూడకుండా చస్తానని. అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ "నేను వద్దన్నానా" అని ఒక్కసారి కూడా అనలేదు. అనే హక్కు ఆవిడకి ఉంది.

"నెమ్మదిగా లేస్తోందండీ," అంది డాక్టరుగారు. "కాన్పు దాకా ఆగగలం అనుకుంటున్నాను. తరచుగా రక్తం చూస్తుంటాను. తొందరపడాల్సి వస్తే నేనే చెబుతాను, మీరు రోజూ దాన్నే తలుచుకోకండి." తలుచుకోకుండా ఎలా ఉంటాను? తలుచుకుంటూనే అన్నం తిన్నాను, నిద్రపోయాను, బడికి సెలవు పెట్టేదాకా పాఠాలు చెప్పాను. ఖాదర్‌గారు మెత్తటి మల్లు గుడ్డతో పసిపిల్లల జుబ్బాలు కుట్టి కాగితంలో చుట్టి తెచ్చాడు. "కుట్లు బయటికి పెట్టానమ్మా, ఒంటికి గుచ్చుకోకుండా," అన్నాడు.

పాప పుట్టాక

పాప ఏలూరులో పుట్టింది. లక్షణంగా ఉంది. వేళ్ళు విడివిడిగా ఉన్నాయో లేదో అత్తయ్య ఒక్కొక్కటే విప్పి చూసింది.

కొన్ని వారాలు పాలు పట్టుకోవచ్చని, ఆ తర్వాత ఆగలేమని డాక్టరుగారు చెప్పింది. మాత్ర మొదలుపెడితే అది పాలలోకి వెళుతుంది. ఆ వారాలు నేను పాపని ఒళ్ళోంచి దించితే ఒట్టు. పాలు తాగుతూ నిద్రపోయేది, నిద్రలో నవ్వేది, మళ్ళీ తాగేది. మా ఆయన గుమ్మంలో నిలబడి, చెరువుకేసి చూసినంత శ్రద్ధగా మా ఇద్దరినీ చూసేవాడు.

ఇప్పుడు పాప అంగన్‌వాడీకి వెళుతోంది. నా అంకె మళ్ళీ కిందికి దిగింది, మాత్ర రోజూ వేసుకుంటున్నాను, ఇక ఆపే ఆలోచన లేదు. గండం గడిచిందనే చెప్పుకోవాలి. అయినా ఇదంతా రాయడానికి కూర్చోబెట్టింది ఒక ఉదయం.

ఆ ఉదయానికి డాక్టరుగారు చెప్పిన పాల గడువు అయిపోయింది. పొద్దున్నే ఆఖరిసారి పాలు పట్టి, పాపని అత్తయ్యకి ఇచ్చేశాను. నాలుగు ఇడ్లీలు తిన్నాను. మాత్ర మింగాను. పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగాను. ఇక నా పాలు పాపకి పనికిరావు.

కొంతసేపటికి పాపకి ఆకలేసింది. అత్తయ్య సీసా నోట్లో పెడితే ఉమ్మేసి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు నా చెవిన పడగానే రెండు రొమ్ముల్లోనూ సలుపు పుట్టి, జాకెట్టు తడిసిపోయింది. ఈ పాఠం కూడా నేను చెప్పగలను. బిడ్డ ఏడుపు వినగానే తల్లి మెదడు నుంచి రక్తంలోకి ఒక కబురు బయల్దేరుతుంది. దాన్ని అందుకుని రొమ్ములో సన్నటి కణాలు బిగుసుకుని పాలు వదులుతాయి. మాత్ర మింగానని ఆ కణాలకి ఎవరూ చెప్పలేదు. వాటి పని అవి చేశాయి.

అత్తయ్య నన్ను చూసింది. తన పాత చీర చింపి, నా రొమ్ముల చుట్టూ గట్టిగా బిగించి కట్టింది. "దాన్ని పక్కింటికి తీసుకెళతానమ్మా," అంది. "ఏడుపు వినపడకపోతే పాలు వాటంతటవే తగ్గుతాయి. రెండు రోజులు కళ్ళు మూసుకో."

పాపని భుజాన వేసుకుని గుమ్మం దాటబోయింది.

"వద్దు అత్తయ్యా. ఇటివ్వండి."

"నీవల్ల కాదమ్మా."

"ఇటివ్వండి. సీసా కూడా."

ఒళ్ళో వేసుకున్నాను. పాప నా వాసన పట్టి, కట్టిన గుడ్డకేసి ముఖం రుద్దింది. నేను దాని ముఖం ఇటు తిప్పి సీసా నోట్లో పెట్టాను. ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాను. గుక్కపట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాలుగోసారో అయిదోసారో, ఏడుపు మధ్యలో ఒక గుటక వేసింది. ఆగి, నాకేసి చూసింది. ఇంకో గుటక వేసింది. ఆ తర్వాత సీసా అయిపోయేదాకా నా ముఖం మీంచి చూపు తిప్పలేదు. అది తాగినంతసేపు నా పాలు కట్టిన గుడ్డ దాటి, చీర దాటి, దాని జుబ్బా తడుపుతూనే ఉన్నాయి.